చంటిపిల్లలకు చెమట: తరచుగా అడిగే ప్రశ్నలు

నిద్రపోతున్న బిడ్డ తల కింద చెయ్యి పెడితే తడి తగులుతుంది. జుట్టు నుదుటికి అతుక్కుని ఉంటుంది. పక్కగుడ్డ మీద తల ఆనిన చోట తడి మరక. మా పెద్దపాపకు రెండో నెలలో ఇలాగే ఉంటే రాత్రంతా గంటకోసారి థర్మామీటర్ పెట్టి చూశాను. జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది, అయినా టెన్షన్ తగ్గలేదు. మర్నాడు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "చెమట ఎప్పుడు పడుతోంది?" అని. ఎంత పడుతోందో తర్వాత అడిగారు. చంటిపిల్లల చెమట గురించి తెలుసుకోవలసిన దాంట్లో సగం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. కింద రాసిన జవాబుల్లో కూడా అది మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇంత చిన్న బిడ్డకు చెమట పట్టడం మామూలేనా?

మామూలే. చెమట గ్రంథులు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, పుట్టాక కొత్తవి రావు. పెద్దవాళ్ల ఒంటి మీద ఉండే ఇరవై నుంచి నలభై లక్షల గ్రంథులు పుట్టిననాడు ఉన్నవే. నెలలు నిండి పుట్టిన బిడ్డకు చెమట ముందుగా నుదుటి మీద కనిపిస్తుంది. ఛాతీ, చేతులు, కాళ్లు ఆ తర్వాత మెల్లగా పని నేర్చుకుంటాయి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు. 36 వారాల కంటే ముందే పుట్టిన బిడ్డకు మొదటి రోజుల్లో చెమట సరిగా పట్టదు. ఒంట్లో వేడి పెరిగినా పైకి తడి కనిపించకపోవచ్చు. కాబట్టి అలాంటి బిడ్డ విషయంలో "చెమట లేదు కదా, ఉక్కగా లేదులే" అనుకోకండి. ఒంటిని తాకి చూడడం, థర్మామీటర్‌తో చూడడమే నమ్మదగినవి.

తల మాత్రమే ఎందుకు అంతగా తడుస్తుంది?

చంటిబిడ్డ ఒంట్లో తల చాలా పెద్ద భాగం. పెద్దవాళ్లలో ఒంటి చర్మంలో తల వాటా పదో వంతు లోపే. పసిబిడ్డలో అది దాదాపు ఐదో వంతు. పైగా మిగతా ఒళ్లంతా బట్టల కింద ఉంటుంది, తలొక్కటే బయట ఉంటుంది. అందుకే ఒంట్లోని వేడి ఎక్కువగా అక్కడి నుంచే పోతుంది. బిడ్డ తనంతట తాను తల తిప్పుకోలేని నెలల్లో ఒకే వైపు పక్కకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ వైపు ఇంకా తడుస్తుంది.

పగలు పొడిగానే ఉంటుంది, రాత్రి నిద్రలోనే తడిసిపోతోంది. ఎందుకు?

నిద్ర పట్టిన తర్వాత శరీరం తన లోపలి వేడిని కొద్దిగా తగ్గించుకుంటుంది. ఆ వేడి ఎక్కడో ఒకచోట నుంచి బయటికి పోవాలి. పుట్టిన కొత్తల్లో ఈ రాత్రి తగ్గుదల పెద్దగా ఉండదు. రెండు మూడు నెలలు వచ్చేసరికి మొదలవుతుంది. చాలామంది తల్లులు "మొదట్లో లేదు, ఇప్పుడే మొదలైంది" అని కంగారుపడేది సరిగ్గా ఆ వయసులోనే. గాఢనిద్రలో బిడ్డ కదలకుండా పడుకుంటుంది, కాబట్టి పక్కకు ఆనిన చోట గాలి ఆడదు, తడి ఆరదు.

బిడ్డ హాయిగా నిద్రపోతూ, లేచాక హుషారుగా ఉండి, పాలు తాగి, బరువు పెరుగుతుంటే ఈ చెమటకు మందు అక్కర్లేదు. ఒక పొర బట్ట తీసి చూడండి, చాలాసార్లు అంతటితో తగ్గుతుంది. నిద్రలో చెమటతో పాటు గట్టిగా గురక, నోటితో ఊపిరి తీయడం, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించడం ఉంటే మాత్రం డాక్టర్‌కు చెప్పాలి. వీలైతే ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకెళ్లండి. మాటల్లో చెప్పేదానికంటే అది ఎక్కువ పనికొస్తుంది.

చలిగా ఉన్నా చెమట పడుతోంది. ఏదైనా జబ్బా?

ముందు బట్టలు లెక్కపెట్టండి. చలిరోజుల్లో చెమటకు అన్నిటికంటే సాధారణమైన కారణం మన ప్రేమే: స్వెటర్, టోపీ, సాక్సులు, పైన రెండు దుప్పట్లు. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకే త్వరగా చల్లబడుతుంది. అంతే త్వరగా వేడెక్కుతుంది కూడా. మనం మొదటిదానికి భయపడి రెండోదాన్ని మరిచిపోతాం.

బిడ్డకు ఉక్కగా ఉందో చలిగా ఉందో ఎలా తెలుస్తుంది?

చేతులు, కాళ్లు పట్టుకుని చూస్తే తప్పుదారి పడతాం. మొదటి నెలల్లో రక్తప్రసరణ ముందుగా లోపలి అవయవాలకే వెళ్తుంది కాబట్టి అరచేతులు, అరికాళ్లు చల్లగా ఉండడం సహజం. మెడ వెనక, వీపు పైభాగం, లేదా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా, పొడిగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. వేడిగా, జిగటగా తగిలితే ఒక పొర తీసేయండి. ముఖం ఎర్రబడడం, ఊపిరి వేగంగా తీయడం, చిరాకు పడడం కూడా ఉక్కకు గుర్తులే. ఏ కారణం లేకుండా బిడ్డ నిస్తేజంగా ఉంటే దాన్ని ఉక్క అని సరిపెట్టుకోకుండా జ్వరం చూడండి.

ఎన్ని బట్టలు వేయాలి? టోపీ ఉంచాలా?

అదే గదిలో మీకు హాయిగా అనిపించే బట్టలకంటే ఒక్క పొర ఎక్కువ, అంతకు మించి వద్దు. ఎండాకాలంలో ఆ ఒక్క పొర కూడా అక్కర్లేదు, పలచటి నూలు చొక్కా చాలు. పాలిస్టర్, నైలాన్ కలిసిన బట్ట చెమటను పీల్చదు. చూడ్డానికి ముద్దుగా ఉన్నా నిద్రకు పనికిరాదు.

టోపీ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. పుట్టిన మొదటి గంటల్లో ఆసుపత్రిలో పెట్టే టోపీకి అర్థం ఉంది. ఇంటికి వచ్చాక, గదిలో నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు. వేడి పోయే పెద్ద దారిని మనమే మూసేసినట్టవుతుంది, పైగా నిద్రలో జారి ముక్కు మీదికి రావచ్చు. బయట చలిగాలిలోకి వెళ్తే పెట్టండి, లోపలికి రాగానే తీసేయండి.

గుడ్డలో చుట్టే అలవాటు ఉంటే పలచటి గుడ్డ వాడండి, తల కప్పకండి. బిడ్డ బోర్లా పడడానికి ప్రయత్నిస్తున్నట్టు కనిపించిన రోజు నుంచే చుట్టడం ఆపేయాలి.

గది ఎంత చల్లగా ఉండాలి? ఫ్యాన్, ఏసీ పెట్టొచ్చా?

చల్లటి దేశాల్లో బిడ్డ పడుకునే గదికి 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ అని చెబుతారు. వేడి ప్రాంతాల్లో ఆ అంకె పట్టుకుని కూర్చోలేం. పలచటి బట్టలు వేసుకున్న పెద్దవాళ్లకు హాయిగా ఉన్న గది బిడ్డకూ హాయిగానే ఉంటుంది. ఫ్యాన్ వేయొచ్చు, ఏసీ వేయొచ్చు. ఏసీ గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా చూడండి. ఏసీ పెట్టి చలి అని మందపాటి దుప్పటి కప్పడం కంటే ఏసీని రెండు డిగ్రీలు పెంచడం మేలు.

నిద్రలో ఉక్కపోత ప్రమాదమా?

అవును, ఈ ఒక్క జవాబు మాత్రం దయచేసి పూర్తిగా చదవండి. ఏడాదిలోపు పిల్లలు ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే చనిపోయే ఘటనలు ఉన్నాయి. ఇవి రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువగా జరుగుతాయి. ఒళ్లు అతిగా వేడెక్కడం వాటి ముప్పును పెంచే విషయాల్లో ఒకటి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1992లో పిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని సలహా ఇచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టడం అలవాటయ్యాక ఆ మరణాలు బాగా తగ్గాయి. 2022లో కొత్తగా ఇచ్చిన సూచనల్లో కూడా బిడ్డ అతిగా వేడెక్కకుండా చూడమని, ఇంట్లో టోపీ పెట్టవద్దని చెప్పింది.

ఆచరణలో చేయవలసింది ఇది. బిడ్డను వెల్లకిలా, గట్టిగా ఉండే సమతలమైన పరుపు మీద పడుకోబెట్టండి. దిండు, బొమ్మలు, వదులుగా ఉన్న దుప్పటి పక్కలో ఉండకూడదు. నిద్రలో ఛాతీ వేడిగా తగిలినా, ఒళ్లు చెమటతో తడిసినా నిద్ర పాడవుతుందని ఆగకుండా ఒక పొర తీయండి.

పాలు తాగేటప్పుడు చెమట పడుతోంది. భయపడాలా?

పాలు తాగడం చంటిబిడ్డకు పెద్ద వ్యాయామం. పీల్చాలి, మింగాలి, ఊపిరి తీసుకోవాలి, మూడూ ఒకదాని వెంట ఒకటి. పైగా తల్లి ఒంటికి ఆనుకుని, మోచేతి మడతలో తల పెట్టుకుని ఉంటుంది. మన ఒంటి వేడి, దాని ఒంటి వేడి కలిసి ఆ మడతలో తడి చేరుతుంది. బిడ్డ తలకూ మీ చేతికీ మధ్య ఒక నూలు గుడ్డ వేసి, పైబట్ట తీసి, ఫ్యాన్ కింద కూర్చుని చూడండి. తడి తగ్గిందంటే సమస్య అక్కడితో అయిపోయింది.

తగ్గకపోతే బిడ్డ తాగే తీరును గమనించండి. గుండెలో రంధ్రం లాంటి పుట్టుకతో వచ్చే లోపం ఉన్న పిల్లల్లో గుండె మామూలుగా కంటే ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. పాలు తాగే శ్రమ దానికి తోడైతే నుదుటి మీద చల్లటి చెమట పడుతుంది. బిడ్డ నాలుగు గుక్కలు తాగి ఆయాసంతో ఆగిపోతుంది, మళ్లీ నాలుగు గుక్కలు తాగుతుంది, చివరికి కడుపు నిండకుండానే అలసి నిద్రపోతుంది. కాసేపటికి ఆకలితో లేచి ఏడుస్తుంది. తాగడానికి ప్రతిసారీ అరగంట దాటుతుంది. బరువు పెరగదు. నిద్రపోతున్నప్పుడు లెక్కపెట్టినా నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తుంటుంది, డొక్కలు ఎగరేస్తుంటుంది.

ఇవి పుట్టిన వెంటనే కాకుండా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడడం తరచుగా జరుగుతుంది. పుట్టిన కొత్తల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి రంధ్రం గుండా రక్తం అంతగా పారదు. ఆ ఒత్తిడి వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది, అప్పుడు ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా వెళ్లడం మొదలవుతుంది. అందుకే "ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు అంతా బాగుందన్నారు" అన్న మాట నిజమే అయినా, ఇప్పుడు మళ్లీ చూపించాలి. గుండె చప్పుడు విని, అవసరమైతే ఎకో (గుండెకు చేసే స్కానింగ్) పరీక్ష చేస్తే విషయం తేలిపోతుంది. పెదవులు, నాలుక నీలంగా మారితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

గుండె కాకుండా ఇంకేమైనా కారణాలు ఉంటాయా?

ఉంటాయి, అరుదుగా. తల్లికి గర్భంలో షుగర్ ఉంటే పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అప్పుడు వణుకు, మత్తు, పాలు పట్టకపోవడం, కొందరిలో చెమట కనిపిస్తాయి. తల్లికి గ్రేవ్స్ అనే థైరాయిడ్ జబ్బు ఉంటే, అది ముందెప్పుడో ఉండి చికిత్సతో తగ్గినదైనా సరే, బిడ్డలో థైరాయిడ్ కొన్నాళ్లు అతిగా పనిచేయవచ్చు. చెమట, ఆగని చిరాకు, వేగంగా గుండె కొట్టుకోవడం, బాగా తాగుతున్నా బరువు తగ్గడం దాని గుర్తులు. మీ జబ్బుల చరిత్ర బిడ్డ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అడిగితే చెబుదాం అనుకోవద్దు.

జ్వరం తగ్గేటప్పుడు చెమట పడితే మంచిదేనా?

జ్వరం దిగేటప్పుడు ఒళ్లు వేడిని చెమటగా వదులుతుంది, అది సహజం. తడి బట్టలు మార్చి పలచగా ఉంచండి. కావాలని దుప్పట్లు కప్పి చెమట పట్టించకండి. దానివల్ల జ్వరం తగ్గదు, ఒంటి వేడి ఇంకా పెరుగుతుంది. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది రాత్రి రెండు గంటలైనా సరే వెంటనే చూపించాలి. ఆ వయసులో డాక్టర్ చెప్పకుండా జ్వరం మందు ఇంట్లో వేయవద్దు.

చెమటకాయలకు ఏం చేయాలి?

చెమట నాళం మూసుకుపోయి చెమట చర్మం లోపలే నిలిచిపోతే చెమటకాయలు వస్తాయి. పుట్టిన మొదటి రెండు వారాల్లో మంచు బిందువుల్లా పారదర్శకంగా ఉండే చిన్న బొబ్బలు కనిపిస్తాయి. తాకితే పగిలిపోతాయి, దురద ఉండదు, వాటంతట అవే పోతాయి. నాళం ఇంకొంచెం లోతులో మూసుకుపోతే ఎర్రటి పొక్కులు వస్తాయి, ఇవి దురద పెడతాయి. మెడ ముడతలు, చంకలు, వీపు, డైపర్ అంచులు వీటికి ఇష్టమైన చోట్లు.

మందు కంటే చల్లదనం ముఖ్యం. గోరువెచ్చటి కంటే కాస్త చల్లగా ఉన్న నీళ్లతో స్నానం చేయించి, ముడతల్లో రుద్దకుండా అద్ది తుడిచి, కాసేపు బట్టలు లేకుండా వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది. చిక్కటి నూనెలు, జిడ్డు ఆయింట్‌మెంట్లు ఆ నాళాలను ఇంకా మూసేస్తాయి, కాబట్టి అవి తగ్గేదాకా ఆపండి. పొక్కుల్లో చీము పట్టినా, చుట్టూ ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి.

పౌడర్ వేస్తే చెమట తగ్గదా?

తగ్గదు. చెమటతో కలిసి ముడతల్లో ముద్దలా చేరి రాపిడి పెంచుతుంది. అంతకంటే ముఖ్యం, చల్లేటప్పుడు లేచే సన్నటి పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు. పౌడర్ డబ్బా చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అవసరం లేని వస్తువు. పెద్దవాళ్లు వాడే చెమట తగ్గించే డియోడరెంట్లు కూడా దగ్గరికి రానివ్వకండి.

చెమట పోతోంది కదా, నీళ్లు తాగించాలా?

ఆరు నెలలలోపు వద్దు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. ఎండగా ఉన్నప్పుడు బిడ్డ తరచుగా తాగుతుంది, తాగనివ్వండి. పోతపాలు తాగే బిడ్డకు కూడా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి, డబ్బా మీద రాసిన దానికంటే పలచగా కలపకండి. ఉత్త నీళ్లు ఎక్కువైతే చిన్న కిడ్నీలు వాటిని బయటికి పంపలేవు. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువ తడి డైపర్లు ఉంటే నీరు సరిపోతున్నట్టు. మూత్రం ముదురు రంగులో రావడం, నోరు పొడిబారడం, మాడు లోపలికి పోవడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

ముద్దు పెడితే ఉప్పగా తగులుతోంది. ఇది ఏదైనా సూచనా?

చెమట ఎవరిదైనా కాస్త ఉప్పగానే ఉంటుంది. మామూలు కంటే బాగా ఉప్పగా తగులుతూ, చర్మం మీద ఉప్పు పొడి కనిపిస్తూ, దాంతో పాటు బరువు పెరగకపోవడం, జిడ్డుగా దుర్వాసనతో విరేచనాలు, మాటిమాటికీ దగ్గు, నెమ్ము ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు గురించి పరీక్షిస్తారు. ఆ జబ్బుకూ చెమటకూ ఉన్న సంబంధం బయటపడిన తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. 1948లో న్యూయార్క్‌లో వడగాడ్పులు వీచినప్పుడు ఈ జబ్బున్న పిల్లలు మిగతావారికంటే ఎక్కువగా నీరసించి ఆసుపత్రికి వచ్చారు. పాల్ డి సాంట్ ఆగ్నీస్ అనే డాక్టర్ దాని వెంటపడి, వాళ్ల చెమటలో ఉప్పు విపరీతంగా పోతోందని 1953లో చూపించారు. నేటికీ ఆ జబ్బును తేల్చేది చెమట పరీక్షే. సూది గుచ్చరు. చేతి మీద చెమట పట్టించి సేకరించి అందులో క్లోరైడ్ ఎంత ఉందో చూస్తారు, లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టు భావిస్తారు.

ఘనాహారం మొదలుపెట్టాక ఒక చెంప మాత్రమే ఎర్రబడుతోంది, తడుస్తోంది. అలర్జీయా?

తినేటప్పుడు మాత్రమే, ఎప్పుడూ ఒకే వైపు, కొద్ది నిమిషాల్లో పోతుంటే అది ఫ్రే సిండ్రోమ్ కావచ్చు. చెవి ముందు భాగంలోని నరం, చాలాసార్లు కాన్పులో ఫోర్సెప్స్ (బిడ్డ తల పట్టి బయటికి తీసే పట్టకారు) ఒత్తిడి వల్ల దెబ్బతిని, తిరిగి పెరిగేటప్పుడు లాలాజలానికి వెళ్లాల్సిన సంకేతం చర్మానికి వెళ్తుంది. హాని లేదు. తెలియక అలర్జీ అనుకుని మంచి ఆహారాలన్నీ మాన్పించేస్తుంటారు. ముఖం వాచినా, దద్దుర్లు వచ్చినా, వాంతులైనా, ఊపిరి ఇబ్బంది అయినా అది వేరే, వెంటనే చూపించాలి.

అరచేతులు, అరికాళ్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి.

ఏడ్చినప్పుడు తడవడం మామూలు. ఎప్పుడూ తడిగా ఉండడం కొన్ని కుటుంబాల్లో వస్తుంది, ఎక్కువగా పెద్దయ్యాక బయటపడుతుంది. బిడ్డ ఎదుగుదల బాగుంటే ఇప్పుడు చేయవలసిందేమీ లేదు.

తలకు చెమట పడితే విటమిన్ డి తక్కువైనట్టేనా?

ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు వర్ణనల్లో తల చెమట కూడా ఉంటుంది, ఈ మాట అక్కడి నుంచే వచ్చింది. తల తడవడం ఒక్కటే చూసి ఆ జబ్బు అని చెప్పలేరు. అదలా ఉంచితే, తల్లిపాలు తాగే పిల్లలకు చెమట ఉన్నా లేకున్నా రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమని డాక్టర్లు చెబుతారు. మీ బిడ్డకు మొదలుపెట్టకపోతే అడగండి.

అసలు చెమటే పట్టకపోతే?

చాలామంది దీన్ని వరం అనుకుంటారు, నిజానికి ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇదే. ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అనే జన్యు లోపంలో చెమట గ్రంథులు చాలా తక్కువగా ఉంటాయి లేదా ఉండవు. ఎండలో, వెచ్చటి గదిలో ఏ ఇన్ఫెక్షన్ లేకుండా మళ్లీ మళ్లీ జ్వరం, చాలా పలచటి జుట్టు, ఆలస్యంగా వచ్చే కోసుగా ఉండే పళ్లు దాని గుర్తులు. ముందే తెలిస్తే తడిగుడ్డలతో, చల్లటి గదితో బిడ్డను సురక్షితంగా పెంచుకోవచ్చు.

కారులో, స్ట్రోలర్‌లో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

కారు సీటు దళసరి మెత్తలు వీపును పూర్తిగా కమ్మేస్తాయి, అందుకే ప్రయాణంలో వీపు తడుస్తుంది. బిడ్డను కూర్చోబెట్టే ముందే కారు చల్లబరచండి. ఎండ తగలకూడదని స్ట్రోలర్ మీద గుడ్డ కప్పితే లోపల గాలి ఆడక కొలిమిలా అవుతుంది. గొడుగు, నీడ వాడండి. ఆపిన కారులో బిడ్డను ఒక్క నిమిషం కూడా వదలకండి, అద్దం కాస్త దించినా సరే. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల సెల్సియస్ దాకా పెరగగలదు, చిన్న ఒళ్లు పెద్దవాళ్లకంటే ఎన్నో రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

వడదెబ్బ అని అనుమానం వస్తే వెంటనే ఏం చేయాలి?

ఒళ్లు కాలిపోతూ, బిడ్డ మత్తుగా వేలాడిపోతూ, వాంతులు లేదా ఫిట్స్ ఉంటే అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు నీడలోకి తెచ్చి, బట్టలన్నీ తీసి, ఒంటి మీద మామూలు నీళ్లు చల్లుతూ గట్టిగా విసరండి. ఈ దశలో చర్మం తడిగా ఉండొచ్చు, పొడిగా ఉండొచ్చు, చెమట ఉందా లేదా అని చూస్తూ ఆగవద్దు.

చెమట ఒంటి మీదే ఆరిపోతే జలుబు చేస్తుందా?

జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, చెమట వల్ల రాదు. అయినా తడి బట్ట మార్చమని అమ్మమ్మలు చెప్పే మాట పాటించదగినదే. తడి బట్టలో బిడ్డ త్వరగా చల్లబడుతుంది, చర్మం ఒరుసుకుంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం రాసుకోవాలి?

మూడు రోజులు చాలు. చెమట పట్టిన సమయం, అప్పుడు బిడ్డ ఏం చేస్తోంది (నిద్ర, పాలు, ఏడుపు), ఎన్ని బట్టలు వేశారు, చెమట చల్లగా ఉందా వెచ్చగా ఉందా, పాలు తాగడానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని డైపర్లు తడిసాయి. నిద్రపోతున్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం పొట్ట కదలికలు లెక్కపెట్టి ఆ అంకె కూడా రాయండి. బరువు రాసిన కార్డు వెంట తీసుకెళ్లండి, డాక్టర్ మొదట చూసేది దాన్నే.